మావారి తరఫున సాక్ష్యం చెప్పిన ఆటోనగర్ కార్మికులకు కృతజ్ఞతలు

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక పాత బ్యాటరీల షెడ్డులో మావారు పదకొండేళ్లు పనిచేశారు. బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసపు ప్లేట్లు తీసి కరిగించడం ఆయన పని. పొగ బయటికి పోయే గొట్టం లేదు, చేతికి తొడుగులు ఇచ్చినవారు లేరు, మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తినేవారు. రెండేళ్లపాటు కడుపునొప్పికి గ్యాస్ మాత్రలూ, నీరసానికి రక్తం పట్టే మందులూ వాడాము. చివరికి కుడి మణికట్టు పైకి లేవకుండా వేలాడిపోయినప్పుడు, ఒక ప్రభుత్వ వైద్యురాలు "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగి, రక్తంలో సీసం ఎంత ఉందో చూసే పరీక్ష రాశారు. అంతకుముందు ఎవరూ అడగని ఆ ప్రశ్న అడిగినందుకు ఆమెకు మా కుటుంబం రుణపడి ఉంటుంది.

జబ్బు సీసం వల్లేనని తేలాక నష్టపరిహారం కోసం వెళితే, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టమే ఇచ్చిన హక్కు అని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వారు చెప్పి, మాకు ఒక న్యాయవాదిని నియమించారు. మా దరఖాస్తు నాటికి అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలులో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో, సీసం వల్ల వచ్చే జబ్బు ఉన్నదనీ, అదే యజమాని వద్ద ఎడతెగకుండా ఆరు నెలలకు తక్కువ కాకుండా పనిచేసినట్లు చూపగలిగితే, ఆ జబ్బు పని వల్ల రాలేదని రుజువు చేయవలసిన భారం యజమానిదేననీ ఆయన ఓపికగా వివరించారు.

ఆ ఆరు నెలలే మాకు కొండంత అయ్యాయి. మస్తరు (హాజరు పట్టీ) లేదు, జీతం చేతికే ఇచ్చేవారు, యజమాని "అప్పుడప్పుడు వచ్చే కూలీ మాత్రమే" అని కౌంటరు (రాతపూర్వక జవాబు) వేశారు. అప్పుడు ముగ్గురు ముందుకు వచ్చారు: పక్క షెడ్డు వెల్డరు, సరుకు తోలే ట్రాలీ ఆటో అన్న, ఇప్పటికీ ఆ యజమాని దగ్గరే పనిచేస్తున్న ఒక తమ్ముడు. వాయిదా పడ్డ ప్రతిసారీ ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చారు, దారి ఖర్చులు కూడా పుచ్చుకోలేదు. ఈ నష్టపరిహార కేసులు విచారించే కమిషనర్ గారి ఎదుట ఆ తమ్ముడు యజమానిని చూస్తూనే, మావారు అక్కడ పనిచేసిన సంగతి ఏళ్లతో సహా చెప్పాడు.

సంపాదన శక్తిలో 40 శాతం నష్టం జరిగిందని తేల్చి, ఆ చట్టం అప్పట్లో లెక్కలోకి తీసుకున్న 15,000 రూపాయల నెల జీతంలో 60 శాతాన్ని, 40 ఏళ్ల వయసుకు నిర్ణయించిన గుణకం 184.17తో హెచ్చించి, అందులో 40 శాతంగా 6,63,012 రూపాయలు, దానిపై 12 శాతం వడ్డీ ఇప్పించారు. మావారి చేయి మాత్రం ఇంకా పూర్తిగా లేవడం లేదు.

మాకోసం నిలబడ్డ ఆ తమ్ముడు పీలుస్తున్నది కూడా అదే పొగ. వచ్చే సోమవారం అతన్ని రక్తపరీక్షకు నేనే వెంటబెట్టుకుని వెళ్తున్నాను.