మొదటి ఆరు వారాలు నోటుబుక్కు తెరవనివ్వకండి

కర్ణాటక పాఠశాల విద్య, అక్షరాస్యత శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను బెంగళూరు కె.ఆర్.పురం వైపు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ టీచర్ని. మాది మదనపల్లె దగ్గర పల్లె, ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల చేత బడిలో చేరీ చేరగానే రాయించొద్దని అడగడానికే ఈ ఉత్తరం. ఇదే విషయం కన్నడలో రాసి మీ ఆఫీసుకి విడిగా పంపాను. తెలుగులో ఎందుకంటారా, నా క్లాసు అమ్మల్లో సగం మంది తెలుగువాళ్లే. మీకు ఏమని మొరపెట్టుకున్నానో వాళ్లకూ తెలియాలి. తప్పులో కొంత వాళ్లదీ ఉంది మరి.

ఈమధ్య ఎక్కడ విన్నా వయసు గురించే మాట. ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్నారు. తల్లిదండ్రులు గోల పెట్టాక 2025-26 ఒక్క ఏడాదికి ఐదేళ్ల ఐదు నెలలకు సడలించారు. పిల్లల వయసు నెలలతో సహా లెక్కగట్టాం. బడి గడప తొక్కిన మొదటి నెలలో ఆ పిల్లలు ఏం చేస్తారని మాత్రం ఎవరూ అడగలేదు.

ముందు ఏడుస్తారు. ఒకడు మొదలెడితే, అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్నవాళ్లూ అందుకుంటారు. ఆ వారం నా పాఠాలు మూడే: బ్యాగు ఎక్కడ తగిలించాలి, ఒంటికొస్తే ఎవరికి చెప్పాలి, అమ్మ ఎప్పుడొస్తుంది. మూడోదే కష్టం. పన్నెండింటికి వస్తుందంటే నాలుగేళ్ల వాడికి ఏం తెలుస్తుంది? అందుకని గోడకి వరసగా నాలుగు బొమ్మలు అంటించాను: ఆట, టిఫిన్ డబ్బా, కథ, గేటు. ఒక్కోటీ అవగానే బట్టల క్లిప్పు పక్క బొమ్మ మీదికి జరుపుతాం. మూడో రోజుకల్లా ఏడుస్తూనే లేచొచ్చి, క్లిప్పు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని, మళ్లీ వెళ్లి కూర్చుని ఏడుస్తారు.

రెండో వారం చెంచాలు. క్లాసులో ఎంతమందో అన్ని స్టీలు చెంచాలు డబ్బాలో వేస్తాను. వచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకుంటారు. మొన్న జూన్‌లో ఒక పాప, ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట వినని పిల్ల, డబ్బాలోకి తొంగి చూసి, "ఇద్దరు ఇంకా నిద్దరపోతా ఉండారు మిస్" అంది. డబ్బా అడుగున రెండు చెంచాలు పడుకుని ఉన్నాయి. ఆ రోజు రానిది ఇద్దరే. నాలుగేళ్ల పిల్ల తీసివేత చేసింది సార్! సాయంత్రం గేటు దగ్గర వాళ్ల నాన్న నన్నడిగింది ఒకటే: "ఇవాళ కూడా ఏమీ రాయించలేదా మేడమ్?"

ఆయన్ని తప్పు పట్టలేను. వేలకు వేలు ఫీజు కట్టాడు. పక్కింటి పిల్లాడు వేరే స్కూల్లో ఏ నుంచి జెడ్ దాకా రాసేస్తున్నాడట. మా మేనేజ్‌మెంటుకీ అదే టెన్షన్. రెండో సోమవారానికల్లా స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్ రాయించి, ఫొటో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టాలి. నేనూ పెట్టాను. వాటిలో చాలావరకు పిల్లల చెయ్యి పట్టుకుని నేను గీసిన గీతలే. ఇంటికిచ్చినవి వాళ్ల అమ్మలు గీసినవి.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. నాలుగేళ్లకి వాటిలో కొన్ని ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఆ చేతికి ముందు చపాతీ పిండి కావాలి. కాగితం చింపి అతికించడం, చింతపిక్కలు ఏరి గిన్నెలో వెయ్యడం, ఒలక్కుండా ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పొయ్యడం కావాలి. (ఒలుకుతాయి. మా ఆయమ్మ నన్ను తిట్టుకుంటూనే తుడుస్తుంది.) ఇవన్నీ చేసిన చేతికి పెన్సిల్ దానంతటదే కుదురుతుంది.

ఇది మీకు కొత్త సంగతేం కాదు. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో 1995లో మొదలై రాష్ట్రమంతా పాకిన నలి-కలి, అంటే ఆడుతూ పాడుతూ నేర్చుకునే పద్ధతి, మీ ప్రభుత్వ బడులదే. కేంద్రం 2022లో తెచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే వద్దంది. కేంద్రం మాట మీకు నచ్చకే కదా రాష్ట్రానికి సొంత విద్యా విధానం కోసం 2023లో సుఖదేవ్ థోరట్ గారి కమిషన్ వేసుకున్నారు, సరే, ఆ చట్రాన్ని పక్కన పెట్టండి. కానీ ఒకటో తరగతి పిల్లలకే తొలి మూడు నెలలు ఆటలతో గడపమని 'విద్యా ప్రవేశ్' ఉంటే, వాళ్లకంటే రెండేళ్లు చిన్నవాళ్లకి ఆరు వారాలైనా ఉండొద్దా?

నేను అడిగేది పెద్దదేం కాదు. ఒక సుత్తోలె, అదే సర్క్యులర్, పంపండి. ఎల్‌కేజీ, యూకేజీల్లో మొదటి ఆరు వారాలు నోటుబుక్కు, హోంవర్కు రెండూ ఉండకూడదని, ప్రైవేటు బళ్లకీ వర్తిస్తుందని అందులో స్పష్టంగా రాయండి. మొదటి వారం సగం మందిని ఉదయం, సగం మందిని తర్వాత రమ్మనే వీలివ్వండి, ఏడ్చే పిల్ల పక్కన కాసేపు అమ్మనో అమ్మమ్మనో కూర్చోనివ్వండి. కన్నడ, తెలుగు, తమిళం, హిందీ పిల్లలు కలిసి కూర్చునే క్లాసులో టీచరుకి ఆ భాషల్లో పదేసి మాటలైనా నేర్పించండి. "ఒంటికి" అంటే ఏమిటో టీచరుకి తెలియక నిక్కరు తడుపుకున్న పిల్లాణ్ణి నేను చూశాను. వాడు ఆ తర్వాత వారం రోజులు బడికి రాలేదు. బ్లాక్ విద్యాధికారి (బీఈఓ) గారు తనిఖీకొస్తే పుస్తకాల కట్ట అడక్కుండా, ఓ అరగంట పిల్లల మధ్య కింద కూర్చోమనండి.

ఇంకొక్క మాట. ఆ కాగితం జూన్‌లో వస్తే లాభం లేదు. స్కూళ్లు పుస్తకాల సెట్లకి వేసవి సెలవుల్లోపే ఆర్డరిస్తాయి, అడ్మిషన్ రోజునే డబ్బు కట్టించుకుంటాయి. డబ్బు పెట్టి కొన్న నోటుబుక్కు ఆరు వారాలు ఖాళీగా ఉంటే ఏ తల్లీ ఊరుకోదు, నేనైనా ఊరుకోను. మార్చిలోపు పంపండి సార్.

ఇట్లు,
ఒక ఎల్‌కేజీ టీచరు
కె.ఆర్.పురం, బెంగళూరు