ఆదివారం లెక్క: ఫాక్టోరియల్ సిరీస్

నిన్న అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఉగ్గాని చల్లారిపోయేదాకా కొట్లాడుకున్నాం కదా, ఆ లెక్క గురించే. ఎక్స్ స్క్వేర్ ఇంటూ వై డాష్ (వై డెరివేటివ్), ప్లస్ వై, ఈక్వల్ టు ఎక్స్. సొల్యూషన్‌ని ఎక్స్ ఘాతాల సిరీస్‌గా రాస్తే ప్రతి పదం ముందూ ఫాక్టోరియల్ వచ్చి కూర్చుంటుంది. సున్నా తప్ప ఎక్కడా కన్వర్జ్ కాదు, అంటే మొత్తం ఒక విలువ దగ్గర నిలవదు. ఎక్స్ 0.1 పెట్టి చూడండి: ప్లస్, మైనస్ గుర్తులు వదిలేస్తే పదో పదం దాకా తగ్గుతాయి, పదకొండోది పదోదానంతే, ఆపైన పెరగడమే.

అలాగని పారేయక్కర్లేదు. 1899లో ఫ్రెంచ్ గణితవేత్త బోరెల్ చూపించిన దారి ఉంది. ఆ ఫాక్టోరియల్స్‌తో భాగిస్తే మిగిలేది టి అనే కొత్త చలరాశిలో పదో తరగతి గుణశ్రేఢే, మొత్తం 1/(1+టి). దానికి లాప్లాస్ ఇంటిగ్రల్ వేస్తే (e^(−టి/ఎక్స్)తో గుణించి, టి సున్నా నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేస్తే) అసలైన సొల్యూషన్ వస్తుంది, 0.1 దగ్గర విలువ 0.09156. టి = −1 దగ్గర పోల్ ఉంది, అంటే అక్కడ 1/(1+టి) అనంతమైపోతుంది, అందుకే ఎక్స్ నెగెటివ్ వైపు ఇది కుదరదు. నేను బోల్తా పడింది అక్కడే. ఆదివారానికి ఆ ఇంటిగ్రల్ చేసుకుని రండబ్బా.