మన చీరలు, మన ఎక్స్ ఖాతా: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక నూలు ధరతో మొదలై అద్దకం ఖర్చుతో ముగుస్తుంది. ఈసారి చాలా భాగం మన ఎక్స్ ఖాతా గురించే రాస్తున్నాను. నిరుడు సర్వసభ్య సమావేశంలో గంటన్నర సేపు వాదులాడుకున్నది దాని మీదే. జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా ఇస్తారు, ఇక్కడ అంకెలు వెతకొద్దు.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క ముక్క. మనం ఇంకా ట్విట్టర్ అని పిలుస్తున్నది 2023 జులై నుంచి ఎక్స్. మంగళగిరిలో సొంత మగ్గం ఉన్నవాళ్లం, చిన్న కొట్లు నడిపేవాళ్లం కలిసి అందులో ఒకే ఖాతా తెరిచాం. ఎవరికి వాళ్లం విడిగా తెరిస్తే వారం రోజులు మురిసి వదిలేస్తామని మనకు తెలుసు కదా.

దీనివల్ల చీరలు అమ్ముడుపోతున్నాయా అని అడిగేవాళ్లకు నా జవాబు: నేరుగా కాదు. ఎక్స్‌లో చూసినవాళ్లు వాట్సాప్‌కి వచ్చి బేరమాడతారు. ఫొటో నచ్చి వెంటనే కొనేవాళ్లు మనకు ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఎక్కువ. మరి ఎక్స్ ఎందుకంటే, అక్కడ జనం ప్రశ్నలడుగుతారు. ఇది చేతి మగ్గమా, పవర్‌లూమా? జరీ నల్లబడుతుందా? మొదటిసారి ఎలా ఉతకాలి? వీటికి నలుగురి ముందు ఓపిగ్గా జవాబు చెప్పడమే మనకు ప్రచారం. పోస్టు పెట్టి ఫోను జేబులో వేసుకుంటే కొట్టు తాళం తీసి లోపల పడుకున్నట్టే.

ఈ సంగతి మాకు జూన్‌లో బాగా తెలిసొచ్చింది. దాచకుండా చెబుతాను. పుణెలో ఉంటున్న ఒకావిడ మన ఖాతాలో నిజాం అంచు చీర చూసి తెప్పించుకున్నారు. చీర అందాక మన ఫొటో, తన ఫొటో పక్కపక్కన పెట్టి, మన ఖాతా పేరు జోడించి, ‘నేను చూసిన చీర ఇది కాదు’ అని తెలుగులోనే రాశారు. మన ఫొటోలో చీర నీలంగా ఉంది. ఆవిడ చేతికి వెళ్లింది వంగపండు రంగు. చీర అదే, ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో రంగు మారింది. ఫొటో కింద రంగు పేరు రాయాలన్న ఆలోచన మనలో ఎవరికీ రాలేదు.

ఆవిడ రాసింది సాయంత్రం ఆరింటికి. మనం చూసింది మర్నాడు పదకొండింటికి. పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంది, ఆ ఒక్కరు తెనాలిలో పెళ్లికి వెళ్లారు. ఆ ఒక్కరూ నేనే. ఈలోగా ముక్కూ మొహం తెలియనివాళ్లు చేరి తలో మాట అన్నారు. ఇవన్నీ సూరత్ పవర్‌లూమ్ చీరలేనని ఒకాయన తేల్చేశారు. నేను కంగారుపడి ట్యూబులైటు, కెమెరా అంటూ పెద్ద సంజాయిషీ రాయబోయాను. మా ఆవిడ చదివి, ‘కొట్టుకొచ్చిన మనిషితో అయితే ఇట్టాగే మాట్లాడతారా?’ అంది. అదంతా చెరిపేసి, ‘పొరపాటు మాదేనండీ. చీర వెనక్కి పంపండి, తపాలా ఖర్చు మాది. మీరనుకున్న నీలం కూడా ఉంది, పగటి వెలుతురులో తీసిన ఫొటో ఇదిగో’ అని రాశాను. చీర తిరిగొచ్చింది. ఖర్చు సంఘం పద్దులో పడింది, ఆ మాట కోశాధికారి గారు ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉన్నారు. దసరాకు ఆవిడే మళ్లీ అడిగి రెండు చీరలు తీసుకున్నారు. వీడియో కాల్‌లో రంగు చూసుకున్నాకే లెండి.

అప్పటినుంచి పాస్‌వర్డ్ ముగ్గురి దగ్గర ఉంటోంది. ఫొటోలు ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య మేడ మీద నీడలో తీస్తున్నాం. నేరుగా ఎండ పడితే జరీ తెల్లగా మెరిసిపోయి అంచు కనబడదు. చీర పక్కన ఒక తెల్ల గుడ్డ పెడుతున్నాం. ఫొటోలో ఆ గుడ్డ పచ్చగానో నీలంగానో కనిపించిందంటే చీర రంగూ మారినట్టే, మళ్లీ తీయాల్సిందే. రంగుల పేర్లు కూడా మన పేర్లే రాస్తున్నాం: అరిటాకు పచ్చ, వంగపండు, నేరేడు.

అక్షరాల లెక్క గురించి చాలామంది అడిగారు. డబ్బు కట్టని ఖాతాకు ఒక పోస్టుకు 280. మొదట్లో 140 ఉండేది, 2017 నవంబరులో పెంచారు. ఇందులో తెలుగుకు ఒక తిరకాసుంది. మన కంటికి కనిపించే అక్షరాలను కాదు, గుణింతాన్నీ ఒత్తునూ విడివిడిగా లెక్కపెడుతుంది. ‘చీర’కు మూడు పడతాయి. ‘వస్త్రం’ మనకు రెండక్షరాలే, దానికి ఏడు. కాబట్టి చీరను చీర అనే రాయండి, గ్రాంథికం పెట్టి చోటు తినేయొద్దు. లింకు ఎంత పొడుగున్నా 23 కిందే లెక్క. ఫొటోలు నాలుగు దాకా పెట్టొచ్చు. మనం మొదట చీర ఒక్కటే, తర్వాత అంచు దగ్గరగా, పమిట, చివరిది కట్టుకున్న మనిషి అని పద్ధతి పెట్టుకున్నాం. నాలుగోదానికి మనుషులు దొరకడమే కష్టంగా ఉంది. మన ఇళ్లలో ఆడవాళ్లు ఫొటో అనగానే వంటింట్లోకి వెళ్లిపోతున్నారు.

ఎక్స్ లాంటిదే మన దేశంలో పుట్టిన ‘కూ’ యాప్ జులైలో మూతపడింది. తెలుగు వాడుకకు వీలుగా ఉందని, 400 అక్షరాలు రాయొచ్చని అక్కడా ఒక ఖాతా తెరిచిన సంగతి పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. అందులో పెట్టిన ఫొటోలకు మనం వేరే కాపీ ఉంచుకోకపోవడం మన అశ్రద్ధే. ఇప్పుడు ప్రతి ఫొటో, ప్రతి కొనుగోలుదారు నంబరు సంఘం కంప్యూటర్లోనూ, ఒక నోటుపుస్తకంలోనూ ఉంటున్నాయి. నవంబరులో ఎక్స్ వదిలి, అలాంటిదే అయిన బ్లూస్కైకి జనం వెళ్తున్నారని విని మనమూ వెళ్దామని కుర్రాళ్లు అన్నారు. మన చీరలు కొనేవాళ్లు అక్కడ కనబడలేదు, ప్రస్తుతానికి వద్దనుకున్నాం.

ఆగస్టు 7 పదో జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైనందుకు గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. 2016లో అప్పటి జౌళి మంత్రి స్మృతి ఇరానీ ‘ఐ వేర్ హ్యాండ్‌లూమ్’ హ్యాష్‌ట్యాగ్‌తో పిలుపునిచ్చినప్పుడు గానీ, 2019 జులైలో ‘శారీ ట్విట్టర్’ అంటూ దేశమంతా చీరకట్టు ఫొటోలు పెట్టినప్పుడు గానీ మనకు ఖాతానే లేదు. ఈసారి ఉంది. అయితే ఆ రోజు అందరూ చీరలే పెడతారని మనం పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలు, వీడియో పెట్టాం. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాచి, గంజి పెట్టి, ఇద్దరు చెరో వైపు నుంచి కుంచె లాగుతున్న వీడియో. డబ్బు కట్టని ఖాతాకు రెండు నిమిషాల ఇరవై సెకన్లే ఇస్తారు, అదే సరిపోయింది. పాట జోడించలేదు. కుంచె చప్పుడు, కాకులు, వెనక ఎవరో పాలవాణ్ణి కేకేస్తున్న గొంతు, అంతే. ఏడాది మొత్తంలో ఎక్కువమంది చూసి పదిమందికి పంపింది అదే. మా తాత ఇలాగే లాగేవాడని డాలస్ నుంచి ఒకరు రాశారు. అమెరికా వాళ్ల కోసం రాత్రి ఎనిమిదింటికి పోస్టు పెట్టడం అప్పుడే మొదలుపెట్టాం, వాళ్లకది ఉదయం.

ఆ తర్వాత మూడు వారాలకే వానలు. బుడమేరు పొంగి విజయవాడ మునిగింది, హైదరాబాద్ దారి తెగింది, రైళ్లు ఆగాయి. మన వాళ్లలో కొందరి మగ్గం గుంటల్లో నీళ్లూరాయి. ఆ పది రోజులు చీర ఫొటో ఒక్కటీ పెట్టలేదు. ‘మీ పార్సిల్ మా దగ్గర భద్రంగా ఉంది, దారి తెరవగానే పంపుతాం’ అని రోజుకొక పోస్టు మాత్రం పెట్టాం. ఒకే ఒక్క ఆర్డరు రద్దయింది, అదీ పెళ్లి ముహూర్తం దగ్గరపడి.

ఇక వంతుల గొడవ. ఖాతా సంఘానిది, చీరలు ఎవరివి వాళ్లవి. మొదట్లో ఎవరు ముందు ఫొటో పంపితే వాళ్లది పెట్టేవాళ్లం. దాంతో ఫోను వాడకం బాగా అలవాటైన ఇద్దరు ముగ్గురి చీరలే కనిపించేవి. మగ్గం దిగే తీరిక లేనివాళ్ల ఫొటోలు మన వాట్సాప్ గ్రూపులో ఎక్కడో కిందికి పోయేవి. దసరా ముందు సమావేశంలో ఒక పెద్దాయన లేచి, ‘నేసేది మీ ఫోన్లా, మా చేతులా?’ అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పుడు వారానికొక ఇల్లు. ఫొటోలు తీసే పని డిగ్రీ చదువుతున్న మన పిల్లలిద్దరిది, వాళ్ల ఫోన్ రీచార్జి సంఘం పెడుతోంది. వంతులో లేని రంగు ఎవరైనా అడిగితే ఆ ఆర్డరు గ్రూపులో పెట్టాలి, చుట్టాలింటికి చాటుగా చేరవేయకూడదు. ఈ నియమం రెండుసార్లు తప్పింది. ఎవరో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, డబ్బు కట్టి పది రోజులైంది, చీర ఏదని అడిగింది. చూస్తే మన పేరుకే ఒక అక్షరం అదనంగా తగిలించి, మన ఫొటోలే పెట్టి, యూపీఐ నంబరు మాత్రం తమది ఇచ్చుకున్న నకిలీ ఖాతా. ఆ అమ్మాయి చేత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు పెట్టించాం. డబ్బు తిరిగి రాలేదు. నీలం టిక్ చూసి నమ్మే రోజులు 2023 ఏప్రిల్‌తోనే పోయాయి, ఇప్పుడది నెలనెలా డబ్బు కట్టినవాళ్లకు దొరికే గుర్తు. మన దేశంలో మొదలైనప్పుడు కంప్యూటర్ నుంచి కడితే నెలకు 650 రూపాయలు, ఫోన్ యాప్‌లో అయితే 900. అది మనమూ తీసుకుందామన్న ప్రతిపాదన కార్యవర్గంలో వీగిపోయింది. దానికి బదులు ప్రతి ఫొటోలో చీర మీద ఆ రోజు తేదీ చేత్తో రాసిన చీటీ పెడుతున్నాం. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి మాట్లాడండి అన్న పోస్టును ఖాతా పైన మేకు కొట్టినట్టు పెట్టేశాం.

మనదీ ఒక్కసారి వైరల్ అయితే చాలు అనే మాట చాలామంది నోట వింటున్నాను. 2020 అక్టోబరులో ఢిల్లీ మాలవీయ నగర్‌లో ‘బాబా కా ఢాబా’ వృద్ధ దంపతుల వీడియో ట్విట్టర్‌లో పాకితే మర్నాటికే ఢాబా ముందు క్యూ కట్టారు. విరాళాల లెక్క మీద తగవు పోలీసుల దాకా వెళ్లింది, ఆ తర్వాత తెరిచిన కొత్త హోటల్ కొన్ని నెలలకే మూతపడింది. మన సంగతి వేరే ఏం కాదు. రేపొద్దున వెయ్యి చీరలు కావాలంటే మనందరి మగ్గాలూ కలిసినా ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలుసు. అప్పుడు ఎవరో ఒకరు పవర్‌లూమ్ చీర కలుపుతారు. ఆ భయం నాకుంది, ఆగస్టు వీడియోకి స్పందన చూసినప్పుడే కలిగింది. అందుకే ‘ఇప్పుడు స్టాకు లేదు, మూడు వారాలు ఆగగలరా’ అని రాయడానికి మొహమాటపడొద్దని పిల్లలకు చెప్పాం. చాలామంది ఆగారు కూడా.

వచ్చే ఏడాదికి కార్యవర్గం పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ అదే రోజు జవాబు వెళ్లాలి. ఏ పార్టీ పోస్టుకూ మన ఖాతా నుంచి మెచ్చుకోలు గానీ తిట్టు గానీ వెళ్లకూడదు, ఎన్నికల వేళ ఒకసారి వెళ్లబోయి ఆగింది. మేడ మీద నీడ కోసం రేకుల పందిరి వేయడానికి సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాం.

చివరిగా ఒక మనవి. ఫొటోల కోసం కొన్న ఫోను స్టాండు ఫిబ్రవరి నుంచి కనబడటం లేదు. ఎవరింట్లో ఉందో చూసి సమావేశానికి తెచ్చివ్వండి.

కార్యదర్శి