మలేషియాలో 'ఇండియన్', 'హిందూ', 'తమిళ' ఒకటి కావు

సంపాదక మహాశయులకు నమస్కారం.

మలేషియా మైనారిటీల గురించి తెలుగు పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా ఒక పొరపాటు దొర్లుతోంది. మొదటి వాక్యంలో వాళ్లు భారతీయులు, రెండో వాక్యంలో హిందువులు, పేరా పూర్తయ్యేసరికి తమిళులు. ఇక్కడ చదివేవారికి మూడూ ఒకటే అనిపిస్తాయి. అక్కడి చట్టం మాత్రం మూడింటినీ మూడు చోట్ల చూస్తుంది. జాతి జనన నమోదు కాగితాల్లో ఉంటుంది. మతం మీద తగాదా వస్తే ఏ కోర్టు వినాలన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది. భాష సంగతి విద్యా చట్టం తేలుస్తుంది. గుడి ఉన్న స్థలం రాష్ట్ర ప్రభుత్వపు భూమి కార్యాలయం చేతిలో ఉంటుంది. చిక్కు ఎక్కడ పడిందో చెప్పకుండా 'హిందువులకు అన్యాయం' అని శీర్షిక పెడితే బాధితుల పక్షాన ఏం అడగాలో ఎవరికీ తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా మెజారిటీకి ఉన్న నిర్వచనం చూడాలి. మలేషియా రాజ్యాంగం 160వ అధికరణం 'మలయ్' అంటే ఎవరో చెబుతుంది. ఇస్లాంను అనుసరించాలి, మామూలుగా మలయ్ భాష మాట్లాడాలి, మలయ్ ఆచారం పాటించాలి. వీటితోపాటు స్వాతంత్ర్యానికి ముందే తానో తల్లిదండ్రుల్లో ఒకరో ఆ నేలమీద పుట్టి ఉండాలి, లేదా స్వాతంత్ర్యదినం నాటికి అక్కడే స్థిరపడి ఉండాలి, లేదా అలాంటివారి సంతానమై ఉండాలి. ఒక జాతి నిర్వచనంలోకి మతం షరతుగా రావడం వల్ల అక్కడ మతం మారడం ఇంటి విషయంగా మిగలదు. ఇస్లాంలోకి వెళ్లిన భారతీయుణ్ణి జనం 'మసుక్ మెలాయు' అంటారు, మలయ్‌లలో చేరిపోయాడని. మన పత్రికలూ అదే మాట పట్టుకుని, మతం మారగానే జాతి మారి రాయితీలన్నీ వస్తాయని రాస్తుంటాయి. అది తప్పు. మతం ఒక్కటే చాలదు, మిగతా షరతులూ కుదరాలి. తరతరాలుగా ముస్లింలైన భారత సంతతివారు ఈ గీతకు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. మలయ్ కాగితాలున్నవారూ ఉన్నారు, ఇండియన్‌గానే ఉండిపోయినవారూ ఉన్నారు. వాళ్ల పార్టీ కిమ్మా ఏళ్ల తరబడి 'భూమిపుత్ర' హోదా, అంటే మలయ్‌లకూ ఆదివాసులకూ ఉన్న ప్రత్యేక హోదా, అడుగుతూనే ఉంది.

'భూమిపుత్ర' అన్న మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 153వ అధికరణం మలయ్‌లకు, బోర్నియో దీవిలోని సబా, సరవాక్ రాష్ట్రాల ఆదివాసులకు ప్రత్యేక స్థానం ఇస్తుంది. ప్రభుత్వోద్యోగాలు, స్కాలర్‌షిప్పులు, పర్మిట్లు, లైసెన్సులు అందులోకి వస్తాయి. అదే అధికరణం ఇతర సముదాయాల న్యాయమైన ప్రయోజనాలనూ కాపాడాలని చెబుతుంది. ఈ రెండో సగం మన వార్తల్లో కనబడదు, అక్కడి వేదికల మీద కూడా తక్కువే వినబడుతుంది. ద్వీపకల్పంలోని అసలు ఆదివాసులైన ఒరాంగ్ అస్లీ పేరు 153లో లేనే లేదు. వారికి 1954 నాటి వేరే చట్టం ఉంది. వారినుంచి ఎన్నికై పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి సభ్యుడు రమ్లి మొహమ్మద్ నోర్. అది 2019 జనవరిలో, కేమరన్ హైలాండ్స్ ఉప ఎన్నికలో. అంతవరకు, 2018 దాకా అధికారంలో ఉన్న బారిసాన్ నేషనల్ కూటమి ఆ సీటును భారతీయుల పార్టీ అయిన ఎంఐసీకి కేటాయిస్తూ వచ్చింది. ఒక మైనారిటీకి దక్కిన చోటు మరో మైనారిటీ వదులుకున్నదే కావడం చూస్తే అక్కడి సీట్ల పంపకం ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

2020 జనగణనలో పౌరుల్లో భూమిపుత్రులు 69.4 శాతం, చైనీయులు 23.2, భారతీయులు 6.7. మొత్తం జనాభాలో ముస్లింలు 63.5 శాతం, బౌద్ధులు 18.7, క్రైస్తవులు 9.1, హిందువులు 6.1. క్రైస్తవుల్లో ఎక్కువమంది సబా, సరవాక్‌లలోని ఆదివాసులు, అంటే భూమిపుత్రులే. కాబట్టి ముస్లిమేతరులు అనగానే వలస వచ్చినవారి సంతతి అనుకోకూడదు. దేవుణ్ణి 'అల్లా' అని పిలిచే హక్కు కోసం కోర్టుకెక్కినవారిలో ఆ ప్రాంతపు క్రైస్తవులూ ఉన్నారు. 2008లో విమానాశ్రయంలో 'అల్లా' అన్న మాట ఉన్న తన సీడీలు స్వాధీనం చేసుకున్నారని సరవాక్‌కు చెందిన ఒక మెలనౌ తెగ మహిళ వేసిన కేసులో, 2021 మార్చిలో హైకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది.

ఇక భారతీయుల రాజకీయం. పార్లమెంటులో 222 స్థానాలుంటే భారత సంతతి ఓటర్లు సగానికి మించిన నియోజకవర్గం ఒక్కటీ లేదు. రబ్బరు తోటల్లో చెదురుమదురుగా ఉన్న జనం, ఆ తోటలు అమ్ముడుపోయాక పట్టణాల అంచులకు చేరి ఇంకా చెదిరిపోయారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఇలాంటి సముదాయానికి సొంత బలం మీద సీటు రాదు, కూటమి ఇస్తేనే వస్తుంది. 1946లో పుట్టిన ఎంఐసీ 1954లో కూటమిలో చేరి దశాబ్దాల పాటు ఈ దారినే నడిచింది. 2004లో 9 సీట్లు, 2008లో 3, 2013లో 4, 2018లో 2, 2022లో 1. ఈ పతనానికి మొదటి దెబ్బ 2007 నవంబర్ 25న కౌలాలంపూర్‌లో హిండ్రాఫ్ (హిందూ హక్కుల కార్యాచరణ దళం) పెట్టిన ఊరేగింపు. సంస్థ పేరులో 'హిందూ' ఉంది. గుళ్ల కూల్చివేత మీద కోపమూ ఉంది. కానీ వీధిలోకి వచ్చిన జనంలో తోట నుంచి వెళ్లగొట్టబడి, ఇల్లూ పనీ పోయి, పిల్లలకు చదువు దారి దొరకని కుటుంబాలు ఉన్నాయి. దాన్ని మతం ఊరేగింపుగా మాత్రమే రాయడం వారికి చేసిన అన్యాయం.

ఇందులో తెలుగువాళ్లెక్కడ? ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన కూలీల సంతతి కెడా, జొహోర్ రాష్ట్రాల్లో ఉంది, పెరాక్ రాష్ట్రం దిగువ భాగంలో గట్టిగా ఉంది. పెరాక్‌లోని బగాన్ దతూక్ కొబ్బరితోటలు వారి పాత చిరునామా. 2022 ఎన్నికల్లో ఆ సీటును మలయ్‌ల పార్టీ అయిన అమ్నో అధ్యక్షుడు అహ్మద్ జాహిద్ హమీది 348 ఓట్ల తేడాతో నిలబెట్టుకుని, తర్వాత ఉప ప్రధాని అయ్యారు. 348 ఓట్ల తేడా ఉన్నచోట చిన్న సముదాయపు మాటకూ బరువుంటుంది. తెలుగువారి సంఘం అక్కడ 1955 నుంచీ ఉంది. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి. అయినా పిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి ఆ బరువు ఎక్కడా కనిపించదు.

కారణం 1996 విద్యా చట్టంలోని ఒక చిన్న నిర్వచనం. జాతీయ పాఠశాలలో కనీసం 15 మంది పిల్లల తల్లిదండ్రులు కోరితే చైనా భాష గానీ తమిళం గానీ నేర్పే ఏర్పాటు చేయాలి. ఆదివాసుల భాషలకూ అదే 15 మంది లెక్క, కాకపోతే 'సాధ్యమైనంతవరకు' అన్న షరతు కలుస్తుంది. తెలుగు పేరు ఈ రెండింట్లోనూ లేదు. అంటే ఒక బడిలో 15 మంది కాదు, 50 మంది తెలుగు తల్లిదండ్రులు సంతకాలు పెట్టి ఇచ్చినా, ఆ నిబంధన కింద హెడ్మాస్టరు తరగతి పెట్టి తీరాలన్న బాధ్యత లేదు. దేశంలో 520కి పైగా ప్రభుత్వ తమిళ ప్రాథమిక పాఠశాలలున్నాయి, తెలుగుది ఒక్కటీ లేదు. తోటల్లో నడిచిన తెలుగు బళ్లు మూతపడ్డాక పిల్లలు తమిళ బడికో మలయ్ బడికో వెళ్లారు. తమిళ బడికి వెళ్లిన తరం తమిళం ఇంటి భాషగా చేసుకుంది. ఇందులో తమిళుల తప్పేమీ లేదు. వాళ్లు తమ బళ్లను పోరాడి నిలబెట్టుకున్నారు, ఆ పోరాటాన్ని గౌరవించాలి. లోపం ఉన్నది 'ఇండియన్ భాష' అంటే తమిళం అని తేల్చేసిన చట్టంలో.

దీన్ని సరిచేయడానికి రాజ్యాంగం మార్చనక్కర్లేదు, మూడింట రెండు వంతుల మెజారిటీ అక్కర్లేదు. అది మామూలు చట్టం, సాధారణ మెజారిటీతో నిర్వచనంలో ఒక మాట చేర్చవచ్చు. అయితే చట్టం మారినా పని సగమే అవుతుంది. అక్కడి సిలబస్‌కు తగ్గ పాఠ్యపుస్తకం, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, పరీక్షలో ఆ సబ్జెక్టుకు గుర్తింపు, ఈ మూడూ లేకపోతే 15 మంది పేర్లు రెండో ఏడాదికి 9కి పడిపోతాయి. మార్కులు రాని సబ్జెక్టుకు పిల్లల్ని ఎక్కువకాలం పంపే తల్లిదండ్రులు అరుదు. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు విదేశీ తెలుగు సభలకు ప్రతినిధులను పంపి శాలువాలు కప్పించడం చూస్తున్నాం. ఆ ఖర్చులో కొంత, మలయ్ మాధ్యమంలో చదివే పిల్లవాడికి పనికొచ్చే తెలుగు వాచకం మీద పెట్టమని మీ పత్రిక గట్టిగా అడగాలి. ఇక్కడి ఒకటో తరగతి పుస్తకం అక్కడ పనిచేయదు, అది తెలుగు ఇప్పటికే మాట్లాడే పిల్లవాడి కోసం రాసినది.

మతం మార్పిడి కేసుల్లో మన వార్తలు ఎక్కువగా తడబడతాయి. రాజ్యాంగంలో 1988లో చేర్చిన 121(1ఎ) అధికరణం ప్రకారం షరియా కోర్టు పరిధిలోని విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదు. ముస్లిం కానివారికి షరియా కోర్టులో వాదించుకునే వీలు లేదు. దంపతుల్లో ఒకరు ఇస్లాంలోకి వెళ్తే రెండోవారు ఈ రెండు తలుపుల మధ్య చిక్కుకుంటారు. 2005 డిసెంబర్‌లో, 1997 ఎవరెస్టు బృందంలో పాల్గొన్న సైనికుడు ఎం. మూర్తి చనిపోయినప్పుడు, ఆయన ముస్లిం అని షరియా కోర్టు తేల్చింది. తమకు అధికారం లేదని హైకోర్టు భార్య మొర వినలేదు. పిల్లల విషయంలో 12(4)వ అధికరణం, 18 ఏళ్లు నిండనివారి మతం 'పేరెంట్ లేదా సంరక్షకుడు' నిర్ణయిస్తారంటుంది. ఆ ఏకవచనం చూపి ఒక్కరు చాలన్న వాదన నడిచింది. 2018 జనవరి 29న ఇపో పట్టణానికి చెందిన ఎం. ఇందిరా గాంధీ అనే తల్లి వేసిన కేసులో ఫెడరల్ కోర్టు ఇద్దరి సమ్మతీ కావాలని ఏకగ్రీవంగా చెప్పి, ఆమె పిల్లల మార్పిడిని రద్దు చేసింది. అక్కడితో సమస్య తీరిందని రాసిన పత్రికలు పొరబడ్డాయి. ఇస్లాం వ్యవహారాల చట్టాలు ఒక్కో రాష్ట్రానివి. వాటిలో కొన్ని 'తల్లి లేదా తండ్రి' అనే అంటున్నాయి. ఇద్దరి సమ్మతిని తప్పనిసరి చేసే 88ఎ సెక్షన్‌ను 2017లో వివాహ చట్ట సవరణ బిల్లు నుంచి ప్రభుత్వమే తీసేసింది. అందుకే అదే పోరాటం పెర్లిస్ రాష్ట్రంలో ఇంకో తల్లి మళ్లీ మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది, ఆమె గెలుపు 2024 దాకా తేలలేదు. ఇలాంటి వార్త రాసేటప్పుడు ఏ రాష్ట్రం, అక్కడి చట్టంలో ఏ మాట ఉంది అన్నవి తప్పక రాయాలి.

గుళ్ల గురించి ఒక్క మాట. తోటల కాలంలో యజమాని నోటిమాట అనుమతితో కట్టిన గుళ్లకు పట్టా లేదు. భూమి చేతులు మారాక గుడి అక్రమ నిర్మాణమవుతుంది. ఎన్నేళ్లు ఉన్నా ప్రభుత్వ భూమి మీద హక్కు రాదని 1965 జాతీయ భూమి చట్టం 48వ సెక్షన్ తేల్చి చెబుతుంది. కనుక 'వందేళ్ల గుడి' అన్న వాదన మనసును కదిలిస్తుంది గానీ కోర్టులో నిలవదు. 2025లో కౌలాలంపూర్ మస్జిద్ ఇండియా వీధిలోని భద్రకాళి గుడిని తరలించే వివాదంలోనూ మూలం ఇదే. ఇంకా వివాదం రాని గుళ్ల కమిటీలు ఇప్పుడే భూమి కార్యాలయంలో దస్తావేజు వెతికించి, రాష్ట్రాన్ని స్థలం కేటాయించమని అడగడం మేలు. అమ్మకం జరిగాక అడిగితే చేతికొచ్చేది తరలింపు నోటీసే.

చివరగా, మన జిల్లాల్లోని కుటుంబాలకు నేరుగా తగిలే సంగతి. మలేషియా తెలుగు కుటుంబాలకు పిల్లనిచ్చేవారు గుళ్లో తాళి కట్టిస్తే సరిపోతుందనుకుంటారు. అక్కడ ముస్లిమేతరుల పెళ్లికి 1976 చట్టం కింద నమోదు ఉండాలి. నమోదు లేకుండా బిడ్డ పుడితే వివాహేతర సంతానంగా లెక్క కడతారు. అప్పుడు రాజ్యాంగం రెండో షెడ్యూలు ప్రకారం పౌరసత్వానికి తండ్రి స్థానంలో తల్లినే చూస్తారు. తల్లి భారత పౌరురాలైతే, తండ్రి మలేషియా పౌరుడైనా బిడ్డకు ఆ దేశపు పౌరసత్వం రాదు. పుట్టిన ఏడాదిలోగా భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేయించకపోతే ఇటువైపూ చిక్కే. బిడ్డ పుట్టాక తల్లిదండ్రులు పెళ్లి నమోదు చేయించుకున్నా పౌరసత్వం దానంతటదే రాదు, విడిగా దరఖాస్తు పెట్టి ఏళ్లు ఎదురుచూడాలి. అందువల్ల పెళ్లి ముహూర్తం పెట్టుకునేటప్పుడే నమోదు తేదీ కూడా ఖాయం చేసుకోవాలని, ఈ విషయం మీ జిల్లా పేజీల్లో ప్రచురించాలని కోరుతున్నాం.

ఇట్లు,
మలేషియా తెలుగువారి వ్యవహారాలను పరిశీలిస్తున్న కొందరు పాఠకులు