శిక్షణ అయ్యాక వచ్చే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

లాభంతోపాటు ఊరికి మేలూ చేసే సామాజిక వ్యాపారాలు పెట్టేవాళ్లకు శిక్షణ ఇస్తామని ఈమధ్య చాలా ప్రకటనలు చూస్తున్నాను. 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభమైన, కొత్త వ్యాపారాలకు తోడ్పడే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు మా అనంతపురంలోనూ ఒక కేంద్రం ఇచ్చారు. సంతోషం. అలాంటి శిక్షణలో కూర్చుని వచ్చినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పదకొండు మంది డ్వాక్రా మహిళలం కలిసి నాలుగేళ్ల కిందట కొర్రలు, సామలు పొట్టు తీసే మిషను పెట్టుకున్నాం. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకుని వాన లేక దెబ్బతిన్న రైతు కొర్ర వేస్తే ఊళ్లోనే కొనేవాళ్లుండాలి, బెంగళూరుకు కూలికి పోయే ఆడవాళ్లకు ఇక్కడే పని దొరకాలి. మేము అనుకున్నది అంతే.

మూడు రోజుల శిక్షణకు పిలిచారు. చదువుకున్న పిల్లలు ఓపిగ్గానే చెప్పారు. సమాజానికి జరిగిన మేలును ఎలా కొలవాలి, పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు ఐదు నిమిషాల్లో ఎలా మాట్లాడాలి అని నేర్పారు. సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో తీశారు. ఆ తర్వాత ఎవరూ మా ఊరి దారి పట్టలేదు.

కిలో 40 రూపాయలకు కొర్రలు కొని, బియ్యం చేసి 65కు అమ్మాం. కిలోకు 25 మిగులుతుందనే అనుకున్నాం. ఎనిమిది నెలలు గడిచినా కరెంటు బిల్లుకు అప్పు చేస్తూనే ఉన్నాం. పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు, రైస్ మిల్లులో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేశారు. ఒకరోజు మిషను బాగుచేయడానికి వచ్చి, "క్వింటాకు బియ్యం ఎంత దిగుతోందో తూకం వేసినారా అమ్మా?" అన్నారు. వేయలేదు. ఆ సాయంత్రం తూచితే 62 కిలోలు. అంటే 4,000 రూపాయల గింజకు చేతికొచ్చేది 4,030. ఆ ముప్ఫై రూపాయల్లోనే కరెంటు, కూలి, సంచులు, ఆటో. ఆ రాత్రి మాలో ఇద్దరు ఏడ్చారు.

అప్పటినుంచి ఏడాదిపాటు ఆయన నెలకోసారి వచ్చారు. గింజ ఆరిందో లేదో పంటికింద కొరికి చూడటం నేర్పారు. పొట్టు తీసిన కొర్ర బియ్యం త్వరగా ముక్కవాసన కొడుతుంది, గింజగానే నిల్వ పెట్టి ఆర్డరు వచ్చినప్పుడే ఆడించండి అన్నారు. మేము ధర మార్చాం, నూకను ఉప్మా రవ్వగా విడిగా అమ్ముతున్నాం. ఇప్పుడు అందరికీ కూలి గిట్టుతోంది. ఆయనకు మేమిచ్చింది బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం. అది కూడా మొహమాటపడుతూ తీసుకునేవారు.

అందరికీ ఇలాంటి పెద్దాయన దొరకరు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెట్ అనే శిక్షణ సంస్థ పద్ధతిలో ఇప్పుడు జిల్లాల్లో బ్యాంకులు ఆర్‌సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, నడుపుతున్నాయి. శిక్షణ అయ్యాక రెండేళ్లు వెన్నంటి చూడాలన్నది వాటి పద్ధతి. అది ఫోన్ చేసి "బాగున్నారా" అని అడగడంతో సరిపోకూడదు. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ఆహారశుద్ధి పథకంలో రుణం, రిజిస్ట్రేషన్ల పనుల్లో సాయపడే జిల్లా రిసోర్స్ పర్సన్‌కు ఒక్కో రుణానికి 20 వేల రూపాయలు నిర్ణయించారు. సగం రుణం మంజూరయ్యాక, మిగతాది రిజిస్ట్రేషన్లు, శిక్షణ పూర్తయి పని మొదలయ్యాక ఇస్తారు. మాకు కష్టాలొచ్చింది పని మొదలయ్యాకే కదా!

ఆ డబ్బులో ఒక భాగాన్ని యూనిట్ రెండో ఏడాది కూడా నడుస్తుంటేనే ఇచ్చేలా మార్చాలని అధికారులను కోరుతున్నాను. మండలానికి ఇద్దరు ముగ్గురు రిటైరైన మిల్లు మేస్త్రీలు, అకౌంటెంట్లు, దుకాణం నడిపి అనుభవమున్నవాళ్ల పేర్లు రాసిపెట్టి, వాళ్లకు రోజు భత్యం, దారి ఖర్చు ఇవ్వాలి. పెద్ద ఖర్చేమీ కాదు, ఒక శిక్షణ హాలు అద్దెతో పోల్చితే.

కొత్తగా మొదలుపెట్టే సంఘాలు మా దగ్గరికి రావచ్చు. ఆ ఎనిమిది నెలల నష్టం రాసిన పుస్తకం కూడా దాచకుండా చూపిస్తాం.

- ఒక మహిళా సంఘం సభ్యురాలు,
కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా