ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో వచ్చిన నాలుగు గ్రాఫిక్స్ కార్డులు మార్చి ఇవ్వడం గురించి

హనుమకొండ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

మీ వెబ్‌సైటులో ‘బడ్జెట్ గేమింగ్ కిట్’ అని అమ్ముతున్న సెట్లు నాలుగు తెప్పించి, కొన్నవాళ్ల కోసం మా షాపులో బిగించాం. నాలుగింటిలోనూ గ్రాఫిక్స్ కార్డు తేడా వచ్చింది. బిల్లులు, పెట్టెల మీది సీరియల్ నంబర్లు, ఫొటోలు దీంతో జతచేశాం.

మీ పేజీలో రాసింది ‘ఆర్‌టీఎక్స్ 3050’ అని మాత్రమే. ఎన్ని జీబీయో ఎక్కడా లేదు. ఫొటోలో మాత్రం కార్డు పై అంచున 8 పిన్నుల పవర్ సాకెట్ స్పష్టంగా కనిపిస్తోంది. అది 8 జీబీ కార్డు గుర్తు. పెట్టె విప్పితే కార్డుకు సాకెట్టే లేదు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చిన 6+2 పిన్ వైరు గుచ్చే చోటు లేక క్యాబినెట్‌లో వేలాడుతోంది. అక్కడే అనుమానం వచ్చి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూశాం. మెమరీ 6144 ఎంబీ, బస్ (మెమరీకి డేటా వెళ్లే దారి వెడల్పు) 96 బిట్, షేడర్లు, అంటే కోర్లు, 2304. నాలుగు కార్డులకూ అవే అంకెలు.

2022లో వచ్చిన 8 జీబీ 3050కి 2560 కోర్లు, 128 బిట్ బస్, సెకనుకు 224 జీబీ బ్యాండ్‌విడ్త్ (మెమరీతో డేటా ఇచ్చిపుచ్చుకునే వేగం), 130 వాట్లు. 2024లో అదే పేరుతో వచ్చిన 6 జీబీ కార్డుకు 2304 కోర్లు, 96 బిట్, 168 జీబీ, 70 వాట్లు. ‘రెండు జీబీలే కదా తగ్గింది’ అని మీ ఫోన్ సిబ్బంది అన్నారు. మెమరీతో పాటు బ్యాండ్‌విడ్త్ కూడా పావు వంతు పోయిందని వాళ్లకు దయచేసి చెప్పండి. టెక్స్‌చర్లు హైలో పెట్టినప్పుడు కార్డు మెమరీ నిండిపోతే, మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి పొర్లుతుంది. అప్పుడు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) సగటు బాగానే కనిపిస్తుంది గానీ, మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఆడేవాడికి విసుగు పుట్టించేది అదే.

డ్రైవర్ మార్చి చూడమన్నారు. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్ తొలగించే టూల్‌తో పాతది పూర్తిగా తీసేసి, కొత్తది వేసి చూశాం. డ్రైవర్ వేస్తే 96 బిట్లు 128 అవుతాయా?

6 జీబీ కార్డు చెడ్డదని మేము అనడం లేదు. పవర్ వైరు లేని పాత ఆఫీసు కంప్యూటర్‌లో వేసుకోవడానికి అంతకంటే నప్పేది దొరకడం కష్టం, మేమే చాలామందికి వేశాం. దాన్ని 8 జీబీ కార్డు ఫొటో పెట్టి అమ్మడమే తప్పు.

ఇక ఎస్‌ఎంపీఎస్. పెట్టె మీద 450 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంది. పక్కనున్న స్టిక్కర్ చదివితే 12 వోల్టుల లైను 18 ఆంపియర్లే, అంటే 216 వాట్లు. ప్రాసెసరూ కార్డూ రెండూ ఆ లైను మీదే నడుస్తాయి. కిట్‌లోని ప్రాసెసర్ ఐ3-12100ఎఫ్ పూర్తి లోడులో 89 వాట్ల దాకా లాగుతుంది, 8 జీబీ 3050కి 130. ఫ్యాన్లు కలపకముందే 219. ఆట మధ్యలో సిస్టమ్ ఆగిపోయి మళ్లీ ఆన్ అవడానికి ఇది చాలు. ఈ లెక్క తెలిసే కార్డు మార్చారేమో అని కూడా మాకు అనిపించింది.

కాబట్టి నాలుగు కార్డులూ మార్చి 8 జీబీవి పంపండి. వాటితో పాటు 12 వోల్టుల లైను మీదే 400 వాట్లకు తగ్గకుండా ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లు కూడా. 8 జీబీ 3050 స్టాకు లేకపోతే ముగ్గురికి ఏఎమ్‌డీ వాళ్ల ఆర్‌ఎక్స్ 6600 ఇచ్చినా ఒప్పుకుంటాం. అదీ 8 జీబీ, 128 బిట్, ఆటల్లో 3050 కంటే ముందే ఉంటుంది. నాలుగో ఆయన బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో, ఎన్విడియా కార్డుల మీదే నడిచే CUDAతో రెండరింగ్ చేస్తాడు, ఆయనకు మాత్రం 3050 లాంటి ఎన్విడియా కార్డే కావాలి.

పాత కార్డు ముందు పంపితేనే కొత్తది ఇస్తామనే మీ నిబంధన ఇక్కడ కుదరదు. 12100ఎఫ్‌లో ఆ ‘ఎఫ్’ ఉందంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదని అర్థం. కార్డు తీస్తే మానిటర్ మీద ఏమీ రాదు. కొత్త కార్డు చేతికి వచ్చిన రోజే పాతది మీ కొరియర్‌కు ఇస్తాం. కొత్త బిల్లు మీద సీరియల్ నంబర్, ‘8 జీబీ’ అనే మాట రెండూ ఉండాలి. రేపు వారంటీకి వెళ్తే అడిగేది ఆ కాగితాన్నే.

బిల్లులు కొన్నవాళ్ల పేర్లమీదే ఉన్నాయి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేయవచ్చు కాబట్టి, వాళ్లు ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేస్తారు.

ఇట్లు,
కంప్యూటర్ అసెంబ్లింగ్ షాపు తరఫున, నలుగురు కొనుగోలుదారుల సమ్మతితో