ఆదివారం మన ఇంటి చరిత్ర పని, అందరూ రండి

అన్నయ్యలు, వదినలు, పిల్లలు అందరికీ! ఈ ఆదివారం ఉదయం పదింటికి గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో కలుస్తున్నాం. విజయవాడ వాళ్లు ఎనిమిదిన్నరకల్లా బయల్దేరండి.

పెద్దమ్మ, బాబాయ్ చెప్పేవన్నీ ఫోన్‌లో రికార్డు చేయాలి. పోయినసారి నేను చేసిన నలభై నిమిషాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు కాబట్టి ఈసారి ఫ్యాను ఆపేస్తాను, ఉక్కపోత భరించండి, మజ్జిగ నాది.

ఏ సంవత్సరంలో పుట్టావు అని అడగొద్దు, తెలీదంటారు. ప్రకాశం బ్యారేజీ అయ్యేసరికి (1957) నీకు పెళ్లయిందా, దివిసీమ ఉప్పెనప్పుడు (1977) పెద్దోడు ఎన్నో క్లాసు అని అడగండి, టక్కున చెప్తారు.

పాత దస్తావేజులు, శుభలేఖలు, ఫొటోలు తీసుకురండి. ఫొటో వెనక వైపు కూడా తీయండి, నాయనమ్మ పెళ్లి ఫొటో వెనక పెన్సిల్‌తో ఊరి పేరు, తేదీ రాసి ఉన్నాయి, ఇన్నేళ్లూ ఎవరూ తిప్పి చూడలేదు! దయచేసి ఏదీ లామినేషన్ చేయించకండి.

దస్తావేజులో కృష్ణా జిల్లా అని ఉంటే వేరేవాళ్లదని పక్కన పెట్టకండి, గుంటూరు జిల్లా ఏర్పడిందే 1904లో. ఒంగోలు వైపు పొలాలకైతే 1970 దాకా గుంటూరు జిల్లా అనే ఉంటుంది.

ఇంకోటి, కోడళ్ల పుట్టింటి పేరు, ఊరు కూడా రాసుకు రండి. ఇంతకుముందు వేసిన వంశవృక్షంలో ఆడవాళ్లంతా ఉత్త ‘భార్య’లే, నాకు సిగ్గేసింది.

ఎంతమంది వస్తున్నారో శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే చెప్పండి, భోజనాలు చూసుకోవాలి. బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటే లెక్కలోకి రాదు, అంకె రాయండి.